ఏడు సెకన్ల ఆలస్యం

ఆ ఏడు సెకన్లను తీసెయ్యడానికి వైదేహికి పదకొండు నెలలు పట్టింది.

విశాఖపట్నంలో రుషికొండ దారిలో, కిటికీ తీస్తే సముద్రం కనిపించే చోట వాళ్ళ ప్రయోగశాల ఉంది. పక్షవాతం వచ్చి మాట పోయినవాళ్ళ కోసం అక్కడ ‘పలుకుతోడు’ అనే పరికరం తయారవుతోంది. గొంతు మీద అంటించుకునే పల్చటి పట్టీ ఒకటి, చొక్కాకి తగిలించుకునే గుండీ లాంటి స్పీకరు ఒకటి. మాట్లాడాలని మనిషికి అనిపించగానే గొంతు కండరాల్లో పుట్టే సన్నటి కదలికను ఆ పట్టీ పసిగడుతుంది. ఎదుటివాళ్ళు ఏమడిగారో వింటుంది. ఆ మనిషి పాత మెసేజీలూ రికార్డింగులూ ముందే దానికి ఇచ్చి ఉంటారు కాబట్టి, వాటిని బట్టీ, అలాంటి చోట జనం మామూలుగా ఏమంటారో దాన్ని బట్టీ ఏ మాట రాబోతోందో ఊహించి అతని గొంతుతోనే పలుకుతుంది. వైదేహి అక్కడ డిజైనర్. పరికరం ఎప్పుడు పలకాలి, ఎప్పుడు ఆగాలి, దాన్ని మనుషులు ఎలా వాడాలి అన్నవన్నీ ఆమె తేల్చాల్సిన విషయాలు.

మొదట్లో అది వెంటనే పలికేది కాదు. ఏడు సెకన్లు ఆగేది. అప్పటికీ మనిషి నోట మాట రాకపోతే మొదటి అక్షరం అందించేది, ఆ తర్వాతే మొత్తం మాట. ఆ నియమం పెట్టించింది లూర్దు మేరీ. ముప్ఫై ఏళ్ళుగా పక్షవాతం వచ్చినవాళ్ళకు మళ్ళీ మాటలు నేర్పిస్తున్న స్పీచ్ థెరపిస్టు ఆవిడ. మరీ ఆగలేనివాళ్ళ కోసం ఫోనులో ‘ఇప్పుడే’ అని ఒక బటన్ ఉండేది. అది నొక్కితే ఆలస్యం లేకుండా మాట వచ్చేస్తుంది.

ఒకరోజు పరీక్షకు అప్పన్న అనే ఆటో డ్రైవరు వచ్చాడు. అరవై దాటిన మనిషి. దాహమేసి గ్లాసు వైపు చూస్తూ నోరు తెరిచాడు. మాట రాలేదు. పెదవులు వణికాయి, మెడ నరాలు ఉబ్బాయి, అయిదో సెకనులో కళ్ళ వెంట నీళ్ళు కారాయి. వైదేహి చూడలేకపోయింది. చేతిలో ఉన్న ఫోనులో బటన్ నొక్కేసింది. “నీళ్ళు ఇవ్వండి” అంది అతని చొక్కా గుండీ.

ఇంటికి వెళ్ళాక భర్తకు ఆ సంగతి చెప్పింది. నూకరాజు హార్బరులో టగ్గు మాస్టరు. పెద్ద ఓడల్ని తాడేసి రేవులోకి లాక్కొచ్చే చిన్న ఓడ అతనిది. భీమిలి వైపు మనిషి, నోరు పెద్దది, రోజంతా వైర్‌లెస్‌లో అరిచీ అరిచీ ఇంట్లో కూడా అలాగే మాట్లాడేవాడు. అంతా విని, “నీళ్ళడిగినోడికి పరీచ్చ ఎట్టడమేటే? ఎంటనే అందించీయండి” అన్నాడు. వైదేహికీ అదే నిజమనిపించింది.

పైగా లెక్కలు కూడా ఆమె వైపే ఉన్నాయి. ఏడు సెకన్ల పరికరాన్ని పదిమందిలో ఆరుగురు నెల తిరక్కుండానే డబ్బాలో పెట్టేస్తున్నారు. ఆగకుండా పలికే నమూనా ఇచ్చి చూస్తే పదిమందిలో తొమ్మిదిమంది తియ్యడం లేదు. ప్రయోగశాల పెద్ద గౌతమ్ పట్నాయక్ ఎప్పుడూ ఒకటే అనేవాడు, వాడేవాళ్ళకి ఎక్కడా కాలు తట్టుకోకూడదని.

మీటింగులో లూర్దు మేరీ ఒక్కతే ఒప్పుకోలేదు.

“వెతుక్కోనీ వైదేహీ. ఆ వెతుక్కోవడంలోనే బుర్ర మళ్ళీ దారి వేసుకుంటుంది. చేతికందించేస్తే అదెందుకు కష్టపడుతుంది?”

“ఏడుస్తున్నారు మేడమ్. దాన్ని మనం వైద్యం అనగలమా?” అంది వైదేహి.

ఆవిడ నెలాఖరుకు ఉద్యోగం మానేసి, తన బొమ్మల కార్డుల సంచీ తీసుకుని వెళ్ళిపోయింది.

నాలుగు నెలల తర్వాత ఒక ఉదయం నూకరాజు గడ్డం గీసుకుంటూ గీసుకుంటూ కుప్పకూలిపోయాడు. నలభై నాలుగేళ్ళు. ఆసుపత్రికి త్వరగానే తీసుకెళ్ళారు, ప్రాణం దక్కింది. కుడి చెయ్యి చచ్చుబడింది, మాట పోయింది. ఎదుటివాళ్ళు చెప్పేది అర్థమవుతుంది, చెప్పాలనుకున్నదే నోటికి రాదు. అయినా మొదటి వారంలో ఎంతో కొంత ప్రయత్నించేవాడు. వైదేహి గదిలోకి వస్తే “వై... వై...” అనేవాడు. అంతవరకే వచ్చేది. మిగతాది రాక మంచం అంచు మీద ఎడమ చేత్తో కొట్టుకునేవాడు.

పదో రోజున అతన్ని ఇంటికి తీసుకొచ్చాక, వైదేహి ఆ ఏడు సెకన్లు తీసేసిన పలుకుతోడు తెచ్చి తన చేత్తోనే అతని గొంతుకు అంటించింది.

“నాకు ఆకలిగా ఉంది. కొంచెం అన్నం పెట్టు” అన్నాడు నూకరాజు. అతని గొంతే. తొమ్మిదేళ్ళ కూతురు చిన్మయి పరిగెత్తుకొచ్చి తండ్రి ఒళ్ళో తల పెట్టుకుంది. వైదేహి వంటగదిలోకి వెళ్ళి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో చాలాసేపు ఏడ్చింది. అంత సంతోషం మళ్ళీ ఆమె బతుకులో రాలేదు.

హార్బరు స్నేహితులు చూడ్డానికి వచ్చారు. పరికరం గురించి వీడియో తీస్తామని ప్రయోగశాల అడిగితే “సంతోషంగా వస్తాను” అన్నాడు. ఆ వీడియో చూసి వేలమంది తమవాళ్ళ కోసం పలుకుతోడు తెప్పించుకున్నారు. నాలుగో నెలలో హార్బరు అధికారి పిలిచి మర్యాదగా అడిగాడు, టగ్గులోనే కొత్త మాస్టరు పక్కన కూర్చుని దారి చూపిస్తారా, ఒడ్డు మీద రికార్డుల గదికి వస్తారా అని.

“ఒడ్డు మీదైతే బాగుంటుంది” అంది గుండీ.

వైదేహి గుండెల మీద బరువు దిగినట్టయింది. నీళ్ళ మీద మళ్ళీ ఏమవుతుందోనన్న భయం ఆమెకు ఉండేది.

ఇంట్లో అంతా సవ్యంగానే జరుగుతున్నట్టు ఉండేది. అప్పుడప్పుడు అతను కంచం తోసేసేవాడు. ఒకసారి మధ్యాహ్నం భోజనాల దగ్గర గొంతు మీది పట్టీని పీకి గోడకేసి కొట్టాడు. పక్షవాతం వచ్చినవాళ్ళకు కోపం ఎక్కువవుతుందని డాక్టర్లు ముందే చెప్పారు. వైదేహి పట్టీ ఏరి తెచ్చి, తడిగుడ్డతో తుడిచి, మెల్లగా మళ్ళీ అంటించింది. “ఏమైంది రాజూ?” అని అడిగింది. “ఏం లేదు. కొంచెం అలసటగా ఉంది” అంది గుండీ. ఆమె కంచంలో మళ్ళీ అన్నం వడ్డించింది. మాట వినబడుతుంటే ముఖం చూడాల్సిన అవసరం ఆ ఇంట్లో ఎవరికీ లేకుండా పోయింది.

తేడా ముందు పట్టుకున్నది చిన్మయి. తల దువ్వించుకుంటూ, నాన్న ఇప్పుడు అసలు తిట్టడం లేదని చెప్పింది. మంచిదే కదా అంది తల్లి. చిన్మయి తల తిప్పి, “మంచిది కాదమ్మా. నేను లెక్కల్లో పన్నెండు మార్కులు చూపిస్తే, పరవాలేదు బాగా చదువు అన్నాడు. నాన్నయితే అలా అనడు” అంది. వైదేహి జడ వేసేసి బడికి పంపింది. ఆ మాట మాత్రం లోపల ఎక్కడో గుచ్చుకుని ఉండిపోయింది.

ఎనిమిదో నెలలో పట్టీ కింద చర్మం ఎర్రగా పొక్కింది. పుండు పడేలా ఉందని, పది రోజులు తీసెయ్యమని చర్మం డాక్టరు చెప్పాడు. తీసేశారు. ఆ పది రోజుల్లో నూకరాజు నోట ఒక్క అక్షరం కూడా రాలేదు. ఆసుపత్రిలో మంచం మీద అనగలిగిన ఆ సగం పేరు కూడా లేదు. నోరు తెరవాలన్న ప్రయత్నమే చెయ్యడం మానేశాడు. ఎవరైనా ఏదైనా అడిగితే, గుండీ ఉండే చోటుకేసి చూసుకుని ఊరుకునేవాడు.

వైదేహి సిగ్గు చంపుకుని లూర్దు మేరీ ఇంటికి వెళ్ళింది. ‘నేను చెప్పలేదా’ అని ఆవిడ అనలేదు. మర్నాడు ఉదయమే సంచీ పట్టుకుని వచ్చింది.

ముందు గంటసేపు బొమ్మలు చూపించింది. గిన్నె, పడవ, కాకి. ఏదీ అతని నోటికి రాలేదు. అప్పుడు రెండు కార్డులు తీసి టీపాయ్ మీద పెట్టింది. పచ్చది అవును, ఎర్రది కాదు. ఎడమ చేత్తో ముట్టుకుంటే చాలు.

“నీ పేరు నూకరాజేనా బాబూ?” పచ్చది. “ఇది రాజమండ్రా?” ఎర్రది. అంతా సరిగ్గానే అర్థమవుతోంది. ఆవిడ వైదేహి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అడిగింది.

“ఆ వీడియోకి ఇష్టపడే వెళ్ళావా?”

ఎర్రది.

“రికార్డుల గది నువ్వే కోరుకున్నావా?”

నూకరాజు ఎర్ర కార్డు మీద చెయ్యి పెట్టాడు. తీశాడు. మళ్ళీ పెట్టాడు. మూడోసారి అరచేత్తో దాన్ని టీపాయ్‌కేసి అదిమి, అలాగే ఉంచేశాడు. అతని భుజాలు కదిలిపోతున్నాయి. గొంతులోంచి శబ్దం మాత్రం లేదు.

అప్పుడు వైదేహికి తెలిసింది, తను ఏం చేసిందో. గొంతులో కదలిక మొదలయ్యే సమయానికి మనిషికి ఇంకా మాట దొరికి ఉండదు. దొరకడానికే ఆ ఏడు సెకన్లు. వాటిని తీసేస్తే పరికరం అతని మాట కోసం ఆగదు, ఆ చోట ఎక్కువమంది ఏమంటారో అది అనేస్తుంది. అతను వద్దని చెప్పాలనుకున్న ప్రతిసారీ, ఆ వద్దు గొంతులో కదలగానే, గుండీ సరే అనేసింది. ఎనిమిది నెలల పాటు ఒక మనిషి తన ఇంట్లోనే అరుస్తూ ఉంటే, ఆమె అతని గొంతుతో వచ్చిన సరేలు వింటూ అన్నం వడ్డించింది.

గుమ్మం దాకా సాగనంపుతూ, మళ్ళీ మాట వస్తుందా అని అడిగింది.

“మొదటి ఏడాదే ముఖ్యం తల్లీ. అందులో ఎనిమిది నెలలు పోయాయి. నేను రోజూ వస్తాను. వస్తుందని మాత్రం నీతో అబద్ధం చెప్పలేను” అంది లూర్దు మేరీ.

మర్నాడు వైదేహి ఆఫీసుకు వెళ్ళి, పరికరం వాడేవాళ్ళ రికార్డులన్నీ ముందేసుకుని కూర్చుంది. మొదటి వారంలో వాళ్ళ ప్రతి వంద జవాబుల్లో పదకొండు ‘సరే’, ‘పరవాలేదు’ లాంటివి. ఆరో నెలకు నలభై మూడు. అందరూ నెమ్మదస్తులైపోతున్నారు. ఇంట్లోవాళ్ళు మెచ్చుకుంటూ రాసిన ఉత్తరాలు గుట్టగా ఉన్నాయి. ఇప్పుడు గొడవ పడటం లేదు, ఏది పెడితే అది తింటున్నారు, దేనికీ అడ్డు చెప్పడం లేదు.

ఆ కాగితాలు పట్నాయక్ ముందు పెట్టింది. అతను చివరిదాకా చదివాడు. అతని తల్లికి కూడా రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చింది. ఆవిడ గొంతు మీదా ఆ పట్టీయే ఉంది.

“మా అమ్మ రోజూ పొద్దున్నే నన్ను తిన్నావా నాన్నా అని అడుగుతోంది వైదేహీ. అది అమ్మ కాదని మాత్రం మీరు నాతో చెప్పొద్దు” అన్నాడు.

ఆమె చెప్పలేదు. కానీ రాబోయే కొత్త వెర్షన్ మీద సంతకం పెట్టనంది. వైద్య పరికరం కాబట్టి డిజైన్ బాధ్యురాలి సంతకం లేకుండా అది బయటికి వెళ్ళదు. నెల రోజులు పోరు నడిచింది. నీ ఇంట్లో జరిగిందని అందరి నోళ్ళూ మూయిస్తావా అని ఒక ఇంజనీరు అడిగాడు. నోళ్ళు ఇప్పటికే మూసి ఉన్నాయని, అదే చెప్తున్నానని అంది.

ఆలస్యాన్ని తిరిగి పెడితే జనం మళ్ళీ డబ్బాలో పడేస్తారు. ఆ సంగతి ఆమెకంటే బాగా ఎవరికీ తెలియదు. అందుకే పాత రికార్డుల్లో ‘ఇప్పుడే’ బటన్ నొక్కింది ఎవరో వెతికింది. వందసార్లలో ఎనభై ఒక్కసారి నొక్కింది రోగులు కాదు, ఎదురుగా కూర్చున్నవాళ్ళు. కొడుకులు, కోడళ్ళు, నర్సులు. అప్పన్న పేరు పక్కన ఆమె పేరే ఉంది. ఆ రోజు నీళ్ళ కోసం వెతుక్కుంటున్న మనిషి ఇంకో రెండు సెకన్లు వెతుక్కునేవాడేమో. ఓర్చుకోలేకపోయింది తను.

కొత్త నమూనాను అక్కడి నుంచే మొదలుపెట్టింది. బటన్ తీసేసింది. తీసేసిన ఆలస్యాన్ని తిరిగి తెచ్చి, ఏడుకు బదులు ఇరవై సెకన్లు చేసింది. రోగి మణికట్టుకు వాచీ లాంటి ఒక పట్టా కట్టింది. వినేవాళ్ళు ఆ మణికట్టు పట్టుకుని కూర్చుంటేనే పరికరం పనిచేస్తుంది. చెయ్యి వదిలితే ఆగిపోతుంది. పట్టుకున్నంతసేపూ వినేవాళ్ళ ఫోను నల్లగా ఉండిపోతుంది. చివరికి పరికరం మాట అందించినా, రోగి పట్టా మీద వేలితో తట్టి ఒప్పుకుంటేనే పైకి పలుకుతుంది. మన పరికరానికి మనమే అడ్డం పడుతున్నాం అన్నారు ఇంజనీర్లు. అవునంది.

గాజువాక నుంచి సన్యాసమ్మ అనే దర్జీ పరీక్షకు ఒప్పుకుంది. ఆమెకు మాట పోయి ఇరవై రోజులే అయింది. మొదటిరోజు ఆమె మొగుడు చిరాకుపడి, “నా పని మానుకుని దీని చెయ్యట్టుకు కూకోవాలా?” అన్నాడు. కూర్చోవాలంది వైదేహి. వారం తిరిగేసరికి అతను భార్య ముఖం చూడటం మొదలుపెట్టాడు. ఇరవై ఆరో రోజున సన్యాసమ్మ కళ్ళు మూసుకుని, మొగుడి చేతిలో చెయ్యి పెట్టి, పదిహేడో సెకనులో “కత్... కత్తెర” అంది. గుండీ ఇంకా పలకలేదు. ఆ మాట ఆమెదే. మొగుడు ఆమె చెయ్యి వదల్లేదు. వైదేహి వరండాలోకి వచ్చేసి గోడకు ఆనుకుని నిలబడింది. ఆనందించాల్సిన సమయంలో ఆమెకు ఆసుపత్రి మంచం మీద నూకరాజు ముఖం తప్ప ఇంకేమీ గుర్తు రాలేదు.

పట్నాయక్ ఒక పట్టా అడిగి తీసుకుని ఇంటికి వెళ్ళాడు. మూడు రోజులు ఆఫీసుకు రాలేదు. వచ్చాక తల్లి ఏమందో ఎవరికీ చెప్పలేదు. కళ్ళు వాచి ఉన్నాయి. పాత వెర్షన్ ఇక ఎవరికీ ఇవ్వొద్దు అని కాగితం మీద రాసి, సంతకం పెట్టి వైదేహి బల్ల మీద ఉంచి వెళ్ళాడు.

ఆ ఏడాది మాట దొరికిన వాళ్ళు చాలామంది ఉన్నారు. నూకరాజు వాళ్ళలో లేడు. లూర్దు మేరీ ఎండనక వాననక పద్నాలుగు నెలలు వచ్చింది. వైదేహి రోజూ సాయంత్రం అతని మణికట్టు పట్టుకుని కూర్చునేది. ఇరవై సెకన్లు, మళ్ళీ ఇరవై. పెదవులు విడివడేవి, ఊపిరి వచ్చేది, మాట వచ్చేది కాదు. పరికరం అందించిన మాటలకు అతను ఎప్పుడూ తట్టలేదు. టగ్గు మీదికి వెళ్తావా అంటే పచ్చ కార్డు చూపించాడు. వైదేహి హార్బరు ఆఫీసు చుట్టూ తిరిగింది. ఆ స్థానంలోకి వేరే మనిషి వచ్చి చాలాకాలమైందని, అప్పట్లో ఆయన నోటితోనే వద్దన్నారని వాళ్ళు రికార్డు చూపించారు.

చిన్మయి పదకొండో పుట్టినరోజున పాత పట్టీని అలమరలోంచి వెతికి తీసింది. ఒక్కసారి పెట్టుకో నాన్నా, నీ గొంతు మర్చిపోతున్నాను అంది. వైదేహి అడ్డం వెళ్ళబోయింది. నూకరాజు చేత్తో ఆపి, తల పైకెత్తి గొంతు చూపించాడు. చిన్మయి అంటించింది. “పుట్టినరోజు శుభాకాంక్షలు. బాగా చదువుకోవాలి తల్లీ” అంది గుండీ. ఆ పిల్ల కళ్ళు మూసుకుని వింది. కాసేపయ్యాక తనే పట్టీ తీసేసి, తండ్రి మెడ మీద జిగురు తుడిచింది. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

లూర్దు మేరీ రావడం ఆపేసిన వారం, ఒక మధ్యాహ్నం వైదేహి సెలవు పెట్టి ఇంట్లో ఉంది. ఇద్దరూ భోజనం చేశారు. కంచాలు తీసి, బల్ల తుడిచి, ఆమె అతని ఎదురుగా కూర్చుంది. రెండేళ్ళుగా ఆమె అతన్ని వందల ప్రశ్నలు అడిగింది. నొప్పి ఉందా, చలేస్తోందా, కిటికీ తియ్యనా, బయటికి వెళ్దామా. అడగాల్సిన ప్రశ్న మాత్రం అడగలేదు. ఆ రోజు రెండు కార్డులూ అతని ముందు పెట్టింది.

“రాజూ, నా మీద నీకు కోపం ఉందా?”

అతను కార్డుల వైపు చూశాడు. ఆమె వైపు చూశాడు. బయట ఎవరో స్కూటరు స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోయారు. అతని చెయ్యి ఎర్రదాని వైపు కొంత దూరం వెళ్ళి ఆగింది. వైదేహి ఏ సాయమూ చెయ్యలేదు, ఏ మాటా అందించలేదు. ఎంతసేపైందో ఆమె లెక్కపెట్టలేదు.

నూకరాజు పచ్చ కార్డు తీశాడు. దాన్ని బల్ల మీద ఉంచకుండా, ఆమె చెయ్యి దగ్గరికి లాక్కుని, అరచేతిలో పెట్టి, ఆమె వేళ్ళను ఒక్కొక్కటిగా మూశాడు. అతని కళ్ళ నిండా నీళ్ళున్నాయి, చూపు మాత్రం తిప్పుకోలేదు.

“ఊఁ” అంది వైదేహి.

క్షమించమని అడగలేదు. ఎందుకని అడగలేదు. ఇన్నాళ్ళకు అతను తనంతట తాను ఆమెకు చెప్పిన మాట అది. దాన్ని గుప్పిట్లో పట్టుకుని, అతని చేతి కింద తన చెయ్యి కదపకుండా, బడి వదిలి చిన్మయి తలుపు తట్టేదాకా ఆమె అక్కడే కూర్చుంది.